జోన్ మార్పుకి అభ్యంతరం చెప్తే వింటారా? వింటారు, లింకుల్లో చెప్తే

"మా కాలనీ పక్కన చేన్లని వ్యవసాయ జోన్ నుంచి రెసిడెన్షియల్‌కి మారుస్తామని పేపర్లో వేసినారు, వెంచర్ వస్తాందంట, అభ్యంతరం పెడితే ఏమన్నా ఉపయోగం ఉంటుందా" అని అడిగినారు కదా.

ఉంటుంది. కానీ మీ మనసులో ఉండే అభ్యంతరానికి ఉండదు. పచ్చని చేన్లు పోతాయి, ట్రాఫిక్ పెరుగుతుంది అని రెండు పేజీలు రాసి కాలనీలో నలభై సంతకాలు పెట్టించి ఇచ్చినారనుకోండి, ఫైల్లో పెట్టి ట్యాగు కట్టి పక్కన పెడతారు. ఆ పని నేను చేసి చూసినా కాబట్టే చెప్తున్నా.

మాది అనంతపురం, టౌను చివర. మా ఇంటెనకాల శనక్కాయ చేన్లు, వాటి మధ్యలో ఒక వంక. ఏడాదిలో నాలుగు దినాలు పారితే ఎక్కువ, మిగతా అంతా కంపచెట్లే. అందుకే ఎవరికీ లెక్క లేదు. అనంతపురంలో వరదేందప్పా అని నవ్వేటోళ్లు శానామంది ఉండిరి, 2022 అక్టోబర్‌లో నడిమివంక పొంగి టౌన్లో కాలనీలకి కాలనీలు మునిగినంక ఆ నవ్వు కొంచెం తగ్గింది. ఊరి పేరు అనంతసాగరం చెరువు మీదే వచ్చిందంటారు, పక్కన ఊరు బుక్కరాయసముద్రం, అదీ చెరువు పేరే. పెద్దోళ్లు నీళ్ల పేర్లు పెట్టి పోతే మనం వాటి మీద ప్లాట్లు వేసుకుంటున్నాం, సరే ఆ కత వద్దులే.

మా నోటీసు కూడా పేపర్లోనే వచ్చింది, లోపలి పేజీలో, "నా డాక్యుమెంట్లు పోయినవి" అనే ప్రకటన పక్కన, చీమ తలంత అక్షరాల్లో. 15 రోజుల గడువు. నేను చూసేసరికి ఆరు రోజులు అయిపోయినాయి. (సైటు దగ్గర పెద్ద బోర్డు పెట్టి చెప్పొచ్చు కదా, ప్లాట్ల రేటు చెప్పేదానికైతే హైవే పొడుగునా ఫ్లెక్సీలు కడతారు.) వెంటనే ఆ నలభై సంతకాల కాగితం ఇచ్చేసి వచ్చినా. అది మా చిన్నాయనకి చూపిస్తే చదివి, "ఇది పెండ్లి పత్రికా, అర్జీనా?" అన్నాడు.

చిన్నాయన సర్వే డిపార్ట్‌మెంట్లో చైన్‌మన్‌గా చేసి రిటైర్ అయినాడు. అంటే గొలుసు మోసే ఉద్యోగం. ఆయన నన్ను తహసీల్దార్ ఆఫీసుకి తోలకపోయి ఎఫ్ఎంబీ (సర్వే నంబరు వారీగా భూమిని కొలిచి గీసిన సర్కారు పటం) నకలు తీయించినాడు. ఆన్‌లైన్లో తీసిన దాంట్లో గీతలు కనపడినాయి గానీ అంకెలు తెలీలేదు. నకల్లో చూస్తే మా వంకకి వేరే సర్వే నంబరే ఉంది, పోరంబోకు అని, అడ్డంగా 60 లింకులు. పాత కొలత అది, 66 అడుగుల గొలుసులో నూరు లింకులు, అంటే 60 లింకులకి ముప్పైతొమ్మిదిన్నర అడుగులు, మీటర్లలో 12. వెంచరోళ్లు దరఖాస్తుకి పెట్టిన ప్లాన్‌లో మాత్రం అదే వంక 7 మీటర్లు.

ఐదు మీటర్లే కదా, అంత పట్టింపెందుకు అంటారేమో. అసలు ఆట అంతా ఆడే ఉంది. వంకైనా వాననీళ్ల కాలువైనా 10 మీటర్లకంటే వెడల్పుంటే రెండు పక్కలా 9 మీటర్ల చొప్పున వదలల్ల, అంతకు తక్కువైతే 2 మీటర్లు వదిలితే చాలు, బిల్డింగ్ రూల్స్‌లోనే ఉంది. ఇప్పుడు లెక్క వేసుకోండి, వాళ్ల ప్లాన్ ప్రకారం 7, 2, 2 కలిపి 11 మీటర్లు పోతుంది. ఎఫ్ఎంబీ ప్రకారం 12, 9, 9 కలిపి 30. ఆ చేన్లో వంక పొడుగు 200 మీటర్ల దాకా ఉంది. తేడా ఎంతో తెలుసా, 94 సెంట్లు!

మధ్యాహ్నం ఎండలో టేపు పట్టుకుని దిగినాం. కంప గీరుకుని నా చేతులంతా రక్తం, ఆయన మాత్రం డెబ్బై ఏండ్ల వయసులో పంచె ఎగ్గట్టి ముందు పోతాండాడు. ఒక పక్క గట్టు దగ్గర ఆగి చెప్పుతో మట్టి గీకినాడు. కింద ఇసక, పైన ఎర్రమట్టి. "ఇది వంక మట్టి కాదురా, ట్రాక్టర్లో వచ్చిన మట్టి" అన్నాడు. దాన్నే నేను ఫోన్లో ఫొటోలు తీసినా. ఇంకో రెండు దినాల్లో గడువు అయిపోతుందనగా రెండో అర్జీ ఇచ్చినాం, ఈసారి ఒకటే పేజీ, సర్వే నంబరు, 60 లింకులు, వాళ్ల 7 మీటర్లు, నకలు, ఫొటోలు, అంతే. పచ్చదనం గురించి ఒక్క ముక్క లేదు.

పిలిచినారు. టౌన్ ప్లానింగ్ సారు రెండు మ్యాపులు పక్కపక్కన పెట్టుకుని శానాసేపు చూసినాడు. వెంచర్ తరఫున వచ్చినాయప్ప ఇస్త్రీ నలగని చొక్కా వేసుకుని, "ఇప్పుడు గ్రౌండ్‌లో ఎంతుంటే అంతే కదా సార్ లెక్క, ఎఫ్ఎంబీలు ఎప్పటివో" అన్నాడు. నేను గట్టిగా ఏదో అనబోతే చిన్నాయన గమ్మునుండమని నా చెయ్యి నొక్కి, "అయితే సార్, నేను రాత్రికి ఇంకో నాలుగు ట్రాక్టర్లు తోలిస్తే పొద్దున్నకి ఈడ వంకే లేదని రాసిస్తారా?" అని నిదానంగా అడిగినాడు. సారు నవ్వలేదు గానీ పెన్ను తీసినాడు. తర్వాత సర్వేయర్ని పెట్టి మళ్లీ కొలిపించినారు.

జోన్ మార్పు ఆగిందా? ఆగలేదు, అది అయిపోయింది. టౌను పెరిగే వైపు ఉండే చేన్లని వ్యవసాయంగానే ఉంచమంటే ఎవరూ వినరు, నిజం చెప్పల్లంటే చేన్ల ఓనర్లే వినరు, శనక్కాయలో ఏం మిగులుతుంది. కానీ లేఅవుట్ ప్లాన్‌లో వంక 12 మీటర్లకి వచ్చింది, అటూ ఇటూ 9 మీటర్లు వదిలినారు. అయితే మా వెంచరోళ్లు తెలివైనోళ్లు, లేఅవుట్‌లో ఖాళీ జాగా 10 శాతం ఎట్లా వదలల్ల కదా, ఈ వంక పక్క జాగానే ఆ లెక్కలో కలిపేసుకున్నారు. దానికి రూల్ కూడా అడ్డం లేదంట! ఇప్పుడు బ్రోచర్లో "రివర్ వ్యూ పార్క్" అని వేసుకున్నారు. నాలుగు దినాలు పారే వంకకి రివర్ వ్యూ. బెంగళూరు నుంచి కార్లలో వచ్చి అడ్వాన్సులు ఇచ్చిపోతాండారు, మా బావ కూడా ఒక ప్లాటు కొన్నాడు, సంతకాల కాగితంలో మూడో పేరు ఆయనదే.

మీరు ముందు నోటీసు తేదీ చూసుకోండి. గడువు ఉంటే ఎఫ్ఎంబీ నకలు తీసుకుని, దాంట్లో వంకో కాలువో కుంటో బండి దారో ఏముందో చూసి వాళ్ల ప్లాన్‌తో పోల్చండి. అర్జీ ఇచ్చినప్పుడు మీ కాపీ మీద తేదీతో సీల్ వేయించుకోవడం మర్చిపోవద్దు, నా మొదటి అర్జీకి సీల్ లేదు, అది మాకు రాలేదే అన్నారు. నకల్లో అంకెలు లింకుల్లో ఉంటే కామెంట్‌లో పెట్టండి, చిన్నాయనకి చూపిస్తా. ఆయనకి ఇప్పుడు ఇదొక్కటే పని.