పెరటి ప్రశ్నలు: కాక్టస్ పూయాలంటే ఏం చేయాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కాక్టస్ మొక్కల గురించి వచ్చిన ఉత్తరాల్లో దాదాపు అన్నిటిలోనూ ఒకే ఫిర్యాదు ఉంది. మొక్క బతికే ఉంటోంది, పెరుగుతోంది, కానీ పూయడం లేదు. అందువల్ల మొదటి ఉత్తరానికి వివరంగా సమాధానం ఇచ్చి, తక్కిన వాటికి అవసరమైనంత మేరకే రాస్తున్నాము.

ప్రశ్న: మా డాబా మీద నాలుగు గుండ్రటి కాక్టస్ మొక్కలు ఉన్నాయి. కొని చాలా ఏళ్లయింది. ఆకుపచ్చగా, ఆరోగ్యంగానే ఉన్నాయి కానీ ఒక్క మొగ్గ కూడా వేయలేదు. వానలు మొదలవగానే వసారాలోకి మార్చి, మళ్లీ సంక్రాంతికి పైకి చేరుస్తాను. రోజు విడిచి రోజు కొద్దిగా నీళ్లు, నెలకొకసారి చిటికెడు యూరియా ఇస్తున్నాను. పూత కోసం ఏదైనా టానిక్ ఉంటే చెప్పగలరు. (ఒక పాఠకురాలు, శ్రీకాకుళం)

జవాబు: అమ్మా, టానిక్ కోసం డబ్బు ఖర్చు చేయకండి. మీ ఉత్తరంలోనే కారణాలు మూడూ ఉన్నాయి. జూన్ నుంచి జనవరి వరకు మొక్క వసారా నీడలో ఉంటోంది, చలికాలంలో కూడా దానికి నీళ్లు అందుతూనే ఉన్నాయి, వీటికి తోడు యూరియా పడుతోంది.

ముందుగా వెలుతురు సంగతి చూద్దాం. వానకు తడిసి కుళ్లుతుందన్న భయంతో మీరు మొక్కను లోపలికి తెచ్చారు. ఆ భయం సరైనదే, ఎందుకంటే మన తీర ప్రాంతంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది, గాలిలో తేమ కూడా ఎక్కువ. అయితే ఏడాదిలో సగానికి పైగా కాలం నేరుగా ఎండ తగలని మొక్క ప్రాణం నిలుపుకుంటుందే తప్ప మొగ్గ తొడగడానికి కావలసిన ఆహారాన్ని కూడబెట్టుకోలేదు. కొత్తగా వచ్చిన భాగం సన్నబడి, లేత రంగుకు తిరిగి పైకి సాగినట్లు కనిపిస్తే వెలుతురు చాలలేదని గ్రహించాలి. మొక్కను నీడకు మార్చే బదులు వానను మాత్రమే ఆపండి. డాబా మీద నాలుగు వైపులా గాలి ఆడేటట్లు నాలుగు కర్రలు నాటి, పైన పారదర్శకమైన పాలికార్బనేట్ రేకునో, మందపాటి పాలిథీన్ పట్టానో ఏటవాలుగా కప్పితే చాలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ను, 2018 అక్టోబరులో తిత్లీని చూసిన మీకు తుఫాను గురించి వేరే చెప్పనక్కరలేదు. హెచ్చరిక వచ్చిన రోజున కుండీలను కిందికి దించి, గాలి తగ్గిన వెంటనే మళ్లీ వాటి చోటికి చేర్చండి. ఇన్నాళ్లు నీడలో ఉన్న మొక్కను ఒక్కసారిగా ఎండలో పెట్టకూడదు. ముందు ఉదయపు ఎండలో ఉంచి, రెండు మూడు వారాల్లో క్రమంగా కాలం పెంచాలి. లేకపోతే చర్మం తెల్లబారి, ఆ మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. మే నెలలో వడగాలులు వీచే రోజుల్లో మాత్రం మధ్యాహ్నపు ఎండ నేరుగా పడకుండా షేడ్ నెట్ కట్టడం మంచిది.

ఇక విశ్రాంతి. గుండ్రటి కాక్టస్‌లలో చాలా రకాల స్వస్థలాల్లో చలికాలం పొడిగా, చల్లగా ఉంటుంది. ఆ కాలంలో పెరుగుదల నిలిచిపోతుంది, తరువాత వచ్చే వెచ్చదనంతో మొగ్గలు బయటపడతాయి. మన తీరంలో జనవరి రాత్రులు కూడా సాధారణంగా 16 డిగ్రీల దరిదాపుల్లోనే ఆగుతాయి కాబట్టి ఆ చలిని మనం తెచ్చివ్వలేము. పొడిదనాన్ని మాత్రం తప్పక ఇవ్వగలం, మన ప్రాంతంలో పూత రప్పించడానికి అన్నిటికంటే నమ్మదగిన ఉపాయం ఇదే. తుఫానుల కాలం ముగిసి గాలి పొడిబారే నవంబరు చివరి వారంలో నీళ్లు తగ్గించడం మొదలుపెట్టి, డిసెంబరు, జనవరి నెలల్లో పెద్ద మొక్కలకు పూర్తిగా ఆపేయండి. చిన్న కుండీల్లో ఉన్న లేత మొక్కలకు నెలకొకసారి కుండీ అంచు వెంట కొద్దిగా పోస్తే సరిపోతుంది. మొక్క కాస్త ముడుచుకుని కుండీలోకి కుంగినట్లు కనబడుతుంది, కంగారుపడి నీళ్లు పోయకండి. ఈ రెండు నెలలూ ఎండ మాత్రం పూర్తిగా తగలాలి. నీళ్లు ఆపి నీడలో ఉంచితే అది మొక్కకు శిక్షే అవుతుంది. ఫిబ్రవరి రెండో వారం దాటాక ఒక ఉదయం కొద్దిగా నీళ్లు పోసి, వారం ఆగి ఈసారి అడుగు రంధ్రం నుంచి కారేటంతగా పోయండి. అక్కడి నుంచి పైన రెండంగుళాల మట్టి ఎండిందని పుల్ల గుచ్చి చూసుకున్నాకే మళ్లీ పోయాలి. రోజు విడిచి రోజు కొద్దికొద్దిగా చిలకరించడం వల్ల పై మట్టి ఎప్పుడూ తడిగా ఉంటుంది, అడుగు వేళ్లకు మాత్రం నీరు అందదు.

ఎరువు విషయానికి వస్తే, యూరియా ఎక్కువైన వరి ఏపుగా ఎదిగి గాలికి పడిపోయినట్లే కాక్టస్ కూడా నత్రజని ఎక్కువైతే ఉబ్బి, పిలకలు పెట్టి, పూతను మరిచిపోతుంది. ఎరువుల దుకాణంలో దొరికే, నత్రజని లేకుండా భాస్వరం, పొటాష్ మాత్రమే ఉన్న 0-52-34 ఎరువును లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున కలిపి, మార్చి నుంచి సెప్టెంబరు వరకు నెలకొకసారి తడి మట్టిలో పోస్తే చాలు.

ఇంకొక్క మాట కుండీ గురించి. నీళ్లు త్వరగా ఆరిపోయే మట్టి కుండీ మన వాతావరణానికి మేలు. నాగావళి ఇసుకను జల్లించి సన్నటి పొడిని తీసివేసి మిగిలిన గరుకు ఇసుక రెండు పాళ్లు, క్రషర్ల దగ్గర దొరికే సన్న చిప్స్ మూడు పాళ్లు, బాగా మాగిన వర్మీకంపోస్టు ఒక పాలు, నాలుగు బొగ్గు ముక్కలు కలిపితే మంచి మిశ్రమం తయారవుతుంది. సముద్రపు ఇసుక వాడకూడదు. ఉద్దానం వైపు తేలికగా దొరుకుతుంది కదా అని చాలామంది కొబ్బరి పొట్టు వేస్తున్నారు, కానీ అది వానాకాలంలో తేమను వదలదు. రైస్ మిల్లుల ఊక బూడిదలో క్షారగుణం ఎక్కువ కాబట్టి బోరు నీళ్లు వాడేవారు దాని జోలికి పోకపోవడమే మంచిది. కుండీ అంచున తెల్లటి పొరలు కడుతున్నాయంటే నీటిలో లవణాలు ఎక్కువని అర్థం. అలాంటివారు డాబా మీద పడే వాననీటిని డ్రమ్ములో పట్టి ఉంచుకుంటే వేసవిదాకా వాడుకోవచ్చు.

మొగ్గ కనబడ్డాక కుండీని తిప్పకూడదు, చోటు మార్చకూడదు. వెలుతురు వచ్చే దిక్కు మారితే చాలా రకాల్లో మొగ్గలు ఎండి రాలిపోతాయి.

ప్రశ్న: బండి మీద నర్సరీ మొక్కలు అమ్మే అతని దగ్గర ఎర్రటి బంతిలాంటి తల ఉన్న కాక్టస్ కొన్నాను. అడుగు కాండం పచ్చగానే ఉంది కానీ ఎర్ర తల ముడతలు పడుతోంది. తలను కోసి ఇసుకలో నాటితే బతుకుతుందా? అప్పుడే కొన్న మరో మొక్క మీది పువ్వు ఎన్నాళ్లయినా వాడడం లేదు, అదెలా సాధ్యం? (ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: బతకదు. ఆ ఎర్ర తల జిమ్నోకాలీషియం మిహనోవిచి అనే జాతిలో పుట్టిన ఒక మార్పు. దానిలో పత్రహరితం లేదు కాబట్టి సొంతంగా ఆహారం తయారు చేసుకోలేదు. 1940ల్లో జపాన్‌లో ఇటువంటి మొలకలను వేరే కాక్టస్ మీద అంటు కట్టి బతికించడంతో ఈ రకం ప్రపంచమంతా పాకింది. అడుగున ఉన్న మూడు పలకల కాండం డ్రాగన్ ఫ్రూట్ తీగది. తల ఆ కాండం పెట్టే తిండి మీదే ఆధారపడి ఉంటుంది, చాలా అంట్లు కొన్నేళ్లకు మించి నిలవవు. తల గట్టిగా ఉన్నంతకాలం తీవ్రమైన ఎండ తగలకుండా, తక్కిన కాక్టస్‌ల కంటే కాస్త ఎక్కువ నీళ్లతో చూసుకుంటే గులాబీ రంగు పువ్వు కూడా ఇస్తుంది. ఇప్పటికే మెత్తబడి ఉంటే తలను తీసివేసి, అడుగు కాండాన్ని పెరట్లో ఒక స్తంభానికి పాకించండి. అది ఎదిగి గుబురయ్యాక వేసవి చివర నుంచి వానాకాలంలో రాత్రిపూట పెద్ద తెల్లటి పూలు పూస్తుంది.

వాడని పువ్వు సంగతి చెప్పడానికి కొంచెం చిరాకుగానే ఉంది. అది కాగితంలా ఉండే ఒక రకం ఎండుపువ్వు, జిగురుతో అంటించినది. నీళ్లు చల్లి చూడండి, రేకులు మూసుకుంటాయి. లాగితే చర్మం ఊడివస్తుంది కాబట్టి దానిని అలాగే వదిలేయండి. నిజమైన కాక్టస్ పువ్వు చాలా రకాల్లో ఒకటి నుంచి నాలుగైదు రోజులకు మించి నిలవదు, రాత్రి పూసేవి తెల్లవారేసరికే వాడిపోతాయి. కొనేటప్పుడు పువ్వు అడుగున జిగురు మెరుస్తోందేమో చూసి కొనండి.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. కొండ ప్రాంతపు నర్సరీల నుంచి తెప్పించిన రెబూషియా మొక్కలు వేసవి దాటలేదు. ఇక్కడ పూసే కాక్టస్ ఏదైనా ఉందా? (ఒక పాఠకురాలు, కళింగపట్నం)

జవాబు: రెబూషియా ఆండీస్ పర్వతాల మీద ఎత్తైన చోట్ల పుట్టినది, రాత్రులు చల్లబడకపోతే అది కుదురుకోలేదు. కాక్టస్‌లు పగలు పత్రరంధ్రాలను మూసుకుని రాత్రి తెరిచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి. ఉక్కపోసే రాత్రులు కొండ జాతులకు పడకపోవడానికి ఇది కూడా ఒక కారణం. కాబట్టి మొక్కను ఎంచుకునే ముందు దాని పుట్టినచోటు మీ ఊరిని పోలి ఉందో లేదో చూడండి.

మీ ఊరికి మెలోకాక్టస్‌ను మించినది లేదని నా అభిప్రాయం. కరీబియన్ దీవుల్లోనూ బ్రెజిల్ తీరంలోనూ సముద్రపు గాలి తగిలే చోట పెరిగే జాతులు ఇందులో ఉన్నాయి. టర్క్స్ అండ్ కైకోస్ దీవులు తమ రాజముద్రలో పెట్టుకున్న మొక్క ఇదే. కొన్నేళ్లపాటు మామూలు గుండ్రటి కాక్టస్‌లా పెరిగి, తరువాత నడినెత్తిన ఎర్రటి ముళ్లు, తెల్లటి నూగు కలిసిన టోపీ ఒకటి కడుతుంది. టోపీ వచ్చాక అడుగు శరీరం పెరగదు, టోపీ మాత్రమే ఏటేటా ఎత్తవుతుంది. వెచ్చటి కాలమంతా దాని నుంచి సాయంత్రం వేళకు చిన్న గులాబీ పూలు, ఆ తరువాత మిరపకాయ తొడిమంత గులాబీ పండ్లు బయటకు వస్తాయి. దీనికి చలి అక్కరలేదు, పైగా పడదు. శ్రీకాకుళం పాఠకురాలికి చెప్పిన రెండు నెలల కటిక ఎండు విశ్రాంతి కూడా దీనికి వర్తించదు. చలికాలంలోనూ రెండు మూడు వారాలకొకసారి కొద్దిగా నీళ్లు ఇవ్వాలి. వేళ్లు కదిలితే తట్టుకోలేదు కాబట్టి టోపీ కట్టిన మొక్కకు కుండీ మార్చకపోవడం మంచిది. టోపీ వచ్చేదాకా ఆగలేనివారు జిమ్నోకాలీషియం, మామిల్లేరియా, ఎకినాప్సిస్ రకాలు పెంచవచ్చు. వీటిలో మొదటి రెండూ విత్తనం నుంచి మూడు నాలుగేళ్లలోనే పూతకు వస్తాయి. ఎకినాప్సిస్‌కు మాత్రం పిలకలను ఎప్పటికప్పుడు తీసివేయాలి.

ప్రశ్న: బంగారు రంగు ముళ్లున్న పెద్ద గుండ్రటి కాక్టస్ ఎప్పుడు పూస్తుంది? (ఒక పాఠకుడు, టెక్కలి)

జవాబు: మెక్సికో నుంచి వచ్చిన ఆ మొక్క అడుగుకు పైగా అడ్డుకొలత వచ్చేదాకా, అంటే సాధారణంగా పదిహేనేళ్లు దాటేదాకా పూయదు. దానిని ముళ్ల అందం కోసం పెంచుకోవడమే ఉత్తమం.

ప్రశ్న: బ్రహ్మకమలం కూడా కాక్టస్ జాతేనని విని, దానిని ఇసుక కలిపిన మట్టిలో వేసి డాబా మీద పూర్తి ఎండలో పెట్టాము. పసుపు పచ్చగా మారిపోయింది. (ఒక పాఠకురాలు, బొబ్బిలి)

జవాబు: మీరు విన్నది నిజమే. మన ఇళ్లలో బ్రహ్మకమలంగా పెరిగే ఎపిఫిల్లం ఆక్సీపెటాలమ్ కాక్టస్ కుటుంబంలోనిదే, హిమాలయాల్లో పూసేది వేరే మొక్క. అయితే ఇది ఎడారి మొక్క కాదు, అడవిలో చెట్ల కొమ్మల మీద పెరిగేది. చెట్టు నీడకు మార్చి, ఆకుల ఎరువు బాగా కలిసిన వదులు మట్టిలో వేసి, వేసవిలో తడి ఆరకుండా చూడండి. ఆకుల్లా కనిపించే చదునైన కాండాలు ముదిరాకే వాటి అంచుల మీద మొగ్గలు వస్తాయి కాబట్టి పొడవుగా ఉన్నాయని వాటిని కత్తిరించకండి.

ప్రశ్న: మా గరువు పొలం కంచెలో ఉన్న నాగజెముడు మీద తెల్లటి దూది పట్టింది, గిల్లితే రక్తంలా ఎర్రటి రసం వస్తోంది. ఇంట్లోని కాక్టస్ కుండీల్లో కూడా ఈమధ్య తెల్లటి దూది కనబడింది. కంచె నుంచే వచ్చిందా? కంచెను కొట్టేయమంటారా? (ఒక పాఠకుడు, రాజాం)

జవాబు: రెండూ ఒకటి కావు. కంచె మీద ఉన్నది కొచినీల్ పురుగు. ఇది ప్రధానంగా నాగజెముడు జాతినే ఆశిస్తుంది కాబట్టి మీ గుండ్రటి కాక్టస్‌లకు దానివల్ల పెద్దగా భయం లేదు. నాగజెముడు మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చినది. పాలు కారే బొంతజెముడు వంటి మన జెముళ్లు కాక్టస్‌లే కావు. ఎర్ర రంగు తీసే పరిశ్రమ కోసమని 1795లో బ్రెజిల్ నుంచి కొచినీల్ పురుగులను తెచ్చారు. తీరా చూస్తే అవి నాసిరకం రంగునిచ్చేవిగా తేలాయి, కానీ అప్పట్లో విస్తరించిన ఒక రకం నాగజెముడును మాత్రం అవి బాగా తగ్గించాయి. తక్కిన రకాన్ని అదుపు చేయడానికి 1926లో మరో జాతి కొచినీల్‌ను కావాలనే దక్షిణ భారతంలో వదిలారు. కాబట్టి కంచెను మీరు కొట్టేయనక్కరలేదు.

కుండీల్లోని దూదిని గిల్లినప్పుడు ఎర్ర రసం రాకపోతే అది పిండినల్లి. ముళ్ల మధ్య కనబడిన చోటల్లా స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో అద్ది, వారం తేడాతో మరో రెండుసార్లు అలాగే చేయండి. ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి ఎండ తగ్గాక పిచికారీ చేయాలి, ఎండలో చేస్తే చర్మం మాడుతుంది. మొక్క కారణం లేకుండా వాడిపోతుంటే కుండీలోంచి తీసి వేళ్లను చూడండి, పిండినల్లిలో ఒక రకం వేళ్ల మీదే ఉంటుంది. అలా ఉంటే పాత మట్టి అంతా దులిపి, వేళ్లు కడిగి, నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి కొత్త మిశ్రమంలో నాటండి. నాటిన వారం వరకు నీళ్లు పోయవద్దు.