బుల్లెట్ ఇంజిన్ కవర్ల పౌడర్ కోటింగ్ కాస్టిక్ సోడాలో వేస్తే పోతుందా?

పోతుందండీ, పొడిలా చల్లి ఓవెన్‌లో కాల్చిన ఆ రంగుతో పాటు కవరూ పోతుంది. ఇనుప స్టాండుకైతే మీ ఇష్టం, అల్యూమినియాన్ని మాత్రం ఆ సోడా డ్రమ్ము దరిదాపులకి పోనివ్వకండి.

మా నాన్నగారి బుల్లెట్ టైమింగ్ కవరు అలాగే పాడైంది. ఆటోనగర్‌లో ఒకతను "సాయంత్రానికి అద్దంలా ఇస్తా సార్" అంటే నమ్మి ఇచ్చొచ్చాను. అన్నం తిని వెళ్లేసరికి డ్రమ్ములో కవరు బుసబుసా పొంగుతోంది. సోడా రంగుతో ఆగదు, కింద అల్యూమినియాన్నీ తింటుంది. ఆ బుడగలు హైడ్రోజన్. పక్కనే ఒక కుర్రాడు బీడీ కాలుస్తున్నాడు! బయటికి తీస్తే మాడిన పెనంలా ఉంది. నలుపు రుద్దితే వదిలింది గానీ, ఆయిల్ కారకుండా ఆపే గాస్కెట్ కూర్చునే అంచంతా గుంటలే. ఎన్ని గాస్కెట్లు మార్చినా ఆయిల్ కారడం ఆగలేదు. నాన్నగారు ముప్పై ఏళ్లు చేత్తో తుడుచుకున్న బండి అది. ఆయన ఒక్క మాటా అనలేదు. కవరు అటూ ఇటూ తిప్పి చూసి అరుగు మీద పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

క్లచ్ కవరు మీది కోటింగ్ నేనే తీశాను, మిథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింట్ రిమూవర్‌తో. అది 40 డిగ్రీలకే మరిగిపోతుంది. బెజవాడ మే నెల మధ్యాహ్నం పూస్తే పని చేసేలోపే ఆవిరైపోతుంది. అందుకే తెల్లవారుజామున డాబా మీద మందంగా పూసి, పాలిథిన్ చుట్టి వదిలేశాను. అరగంటకి పొర పొక్కులు లేచింది. చెక్కముక్కతో గీకితే అట్టలు కట్టి ఊడింది. మొండికేసిన మూలల్లో ఇంకోసారి పూయాల్సి వచ్చింది. తలుపులు వేసిన గదిలో మాత్రం వద్దు, ఆ ఆవిరి మనుషుల్ని చంపుతుంది. పల్చటి రబ్బరు గ్లవుజుల్లోంచి కూడా చేతికి దిగుతుంది.

బ్లో టార్చి పెట్టమనే వాళ్లుంటారు. ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గట్టిపడిన పౌడరు మళ్లీ కరగదు, మాడుతుందంతే. ఇసుకని గాలితో జోరుగా కొట్టి రంగు లేపే శాండ్ బ్లాస్టింగ్ కూడా నేను ఒప్పుకోను. ఒక్క ఇసుక రేణువు ఆయిల్ దారిలో ఇరుక్కుంటే బేరింగుల పని అయిపోయినట్టే.

అసలు గాలికి చల్లారాల్సిన ఇంజిన్‌కి ఆ ప్లాస్టిక్ దుప్పటి ఎందుకండీ, అదీ మన ఎండల్లో? నల్లగా ఉంటే అందమని కుర్రాళ్లంతా వేయించేస్తున్నారు. నా క్లచ్ కవరుకి బఫింగ్ కొట్టించి, అంటే మెరిసేలా పాలిష్ పట్టించి, అలాగే వదిలేశాను. వారానికోసారి నాన్నగారే గుడ్డతో తుడుస్తున్నారు.