తెర వెనుక: చప్పట్ల క్యాసెట్టు

ప్రశ్న: మా అబ్బాయికి ఒక ఛానెల్‌లో ఎడిటింగ్ పని వచ్చింది. రాత్రిళ్లు ఇంటికి రాడని, పండగ పూట కూడా సెలవు దొరకదని బంధువులు భయపెడుతున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: నిజమేనమ్మా. పండగ నాడు జనం ఇంట్లో కూర్చుని టీవీ చూస్తారు, అందుకని ఆ రోజు మాకు పని ఇంకా ఎక్కువ. అన్నం డబ్బా పెద్దది కొనివ్వండి.

ప్రశ్న: డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. టీవీలో తెర వెనుక పని చేయాలని ఆశ. ఒక క్రీడావార్తల కార్యక్రమాన్ని నడిపేవాళ్ల కథ అని తెలిసి ‘స్పోర్ట్స్ నైట్’ అనే పాత అమెరికన్ సీరియల్ చూశాను. మొదటి భాగాల్లో వెనుక నుంచి నవ్వులు వినిపిస్తాయి, తర్వాత మాయమవుతాయి. ఎందుకని? స్టూడియోలో నిజంగానే అందరూ అంత చురుగ్గా మాట్లాడుకుంటారా?
– ఒక విద్యార్థిని, కడప

జవాబు: రెండోది ముందు తేల్చేస్తాను. మాట్లాడుకోరు. కర్నూలులో ఒక కేబుల్ ఛానెల్‌లో తొమ్మిదేళ్లు ఫ్లోర్ మేనేజరుగా పనిచేశాను. ప్రసారానికి రెండు నిమిషాల ముందు మా పీసీఆర్‌లో, అంటే కార్యక్రమాన్ని నడిపించే కంట్రోల్ రూమ్‌లో, వినిపించే సంభాషణ ఇది: “క్యాసెట్ ఏదీ?” “ఇక్కడే పెట్టాను.” “ఇక్కడంటే ఎక్కడ?” నడవాలో నడుస్తూ మాటకు మాట అప్పగించే ఆ చాతుర్యమంతా రచయిత ఆరన్ సోర్కిన్‌ది. ఒకటి మాత్రం అచ్చంగా నిజం. అంతవరకూ పోట్లాడుకుంటున్న వాళ్లు కౌంట్‌డౌన్ మొదలవగానే నోరు మూసుకుని కెమెరా వైపు తిరుగుతారు చూశారా, అది నేను రోజూ చూసిందే.

ఇక నవ్వుల సంగతి. ఈ సీరియల్ 1998 సెప్టెంబరులో ఏబీసీ అనే అమెరికన్ ఛానెల్‌లో మొదలైంది. అరగంట కార్యక్రమమంటే హాస్యమని, హాస్యమన్నాక వెనుక నవ్వులు వినిపించాలని ఛానెల్ పెద్దలు పట్టుబట్టారు. సోర్కిన్‌కు అది ఇష్టం లేదు. మొదటి సీజన్ నడిచేకొద్దీ నవ్వులు పలచబడుతూ వచ్చి, రెండో సీజన్‌కు పూర్తిగా పోయాయి. 45 భాగాలయ్యాక, 2000 మే నెలలో సీరియలే ఆగిపోయింది. అన్నట్టు, ఈ నవ్వులు అతికించే విద్య పాతదే. 1950లలో చార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు ఒక పెట్టె తయారుచేశాడు. ఒక మీట నొక్కితే ముసిముసి నవ్వు, ఇంకోటి నొక్కితే పగలబడి నవ్వు. నవ్వుల హార్మోనియం అనుకోండి.

మీరు అడగలేదు గానీ, అందులో ఆ క్రీడావార్తల బృందానికి పెద్ద అయిన ఐజాక్ పాత్ర వేసిన రాబర్ట్ గియోమ్‌కు 1999 జనవరిలో, మొదటి సీజన్ మధ్యలో, నిజంగానే పక్షవాతం వచ్చింది. ఆ జబ్బును కథలోకే తెచ్చి, ఆయన కోలుకుని వచ్చాక అదే కుర్చీలో కూర్చోబెట్టారు. నవ్వులు పెట్టమన్న పెద్దలకు ఆ ఘట్టం ఏ మీట కింద వస్తుందో!

పెద్దల పట్టుదల నాకూ అనుభవమే. మా స్టూడియో కొండారెడ్డి బురుజు దగ్గర ఒక పాత ఇంటి మేడ మీద ఉండేది. కింద పిండిమర. మరలో జొన్నలు పోస్తే పైన మైకులో గరగర. గోడలకు గోనెపట్టాలు కొట్టాం. మోత వస్తుందని రికార్డింగ్ సాగినంతసేపూ ఏసీ ఆపేసేవాళ్లం, అదీ కర్నూలు ఎండల్లో. ఉగాది కవిసమ్మేళనానికి కవులే గోడకు ఆనుకుని కూర్చోవాల్సి వచ్చింది, ఇక ప్రేక్షకులకు చోటెక్కడ? “చప్పట్లు లేకపోతే సంతాప సభలా ఉంటుంది” అన్నారు మా యజమాని.

ఒక బడి వార్షికోత్సవం క్యాసెట్ నుంచి పదకొండు సెకన్ల చప్పట్లు తీశాను. చిక్కేమిటంటే, ఏడో సెకనులో ఒక పసిపిల్ల ఏడుపు అందుకుంటుంది, వెంటనే తల్లి “ఊరుకో, ఊరుకో” అంటుంది. అందుకని ప్రతిసారీ శబ్దం పెంచి తగ్గించే మీట, ఫేడర్ మీద వేలు పెట్టి, మనసులో ఆరు దాకా లెక్కపెట్టి దించేసేవాణ్ని. యజమాని బావమరిది కూడా కవే. ఆయన పద్యం కాగానే టాక్‌బ్యాక్‌లో, అంటే మాలో మేం మాట్లాడుకునే మైకులో, “ఇంకొంచెం ఉంచవయ్యా” అని ఆజ్ఞ వచ్చింది. ఉంచాను. ఏడుపు, ఊరుకో, అన్నీ వెళ్లిపోయాయి. మర్నాడు బుధవారపేట నుంచి ఒక పెద్దాయన ఫోను చేసి, “పద్యాలు బాగున్నాయి గానీ, ఆ పాపకు ముందు పాలు పట్టించండయ్యా” అన్నాడు.

ఆ క్యాసెట్‌నే అయిదేళ్లు వాడాం. బీరువా కింది గదిలో ఉండేది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు మునిగింది. బురద కడిగి క్యాసెట్లన్నీ మేడ మీద ఎండబెట్టాం. కొన్ని బతికాయి. చప్పట్లది మాత్రం టేపంతా అతుక్కుపోయి తిరగనే లేదు. ఆ పాపకు ఇప్పుడు మీ ఈడే ఉంటుంది.