తొమ్మిదింటికి మోగే ఫోను

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు, ఉద్యోగం చేస్తున్నాను. ప్రమోషన్‌ కోసం డిపార్ట్‌మెంటు పరీక్ష రాయాలి. రెండుసార్లు ఫీజు కట్టి కూడా వెళ్ళలేదు. రాత్రి బాబు పడుకున్నాక తొమ్మిదింటికి పుస్తకం తీస్తాను, సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేస్తుంది. అత్తింట్లో తనకి చాలా కష్టాలు. అమ్మ పోయాక నన్ను చదివించింది తనే. పెట్టేసరికి పదిన్నర. పోనీ తెల్లవారుజామున చదువుదామని నాలుగింటికి అలారం పెడతాను, మోగితే ఆపేసి పడుకుంటాను. విల్‌పవర్ పెంచుకోవడం ఎలా?

జవాబు: విల్‌పవర్ సంగతి వదిలేయండి. పదిన్నర దాకా అక్క కష్టాలు విని, అవే తలుచుకుంటూ ఏ అర్ధరాత్రికో నిద్రపోయిన మనిషి నాలుగింటికి లేవకపోతే దాన్ని బద్ధకం అనరు. అలారం తీసేయండి.

మీరు పడుతున్న తిప్పలకి ఒక మంచి ఉపాయం ఉంది. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త దీనిమీద ఏళ్ళ తరబడి పనిచేశారు. 1997లో ఆయన బృందం ప్రచురించిన ఒక ప్రయోగంలో, క్రిస్మస్ ముందురోజు ఎలా గడిపారో రెండు రోజుల్లోగా రాసి పంపమని విద్యార్థులని అడిగారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే అనుకున్నవాళ్ళలో మూడింట రెండు వంతులకు పైగా పంపారు, ఊరికే సరేనన్నవాళ్ళలో పంపింది మూడో వంతు. అందరూ విద్యార్థులే, సెలవులు కూడా అవే. తేడా అల్లా 'ఇలా అయితే, అప్పుడు ఇది చేస్తాను' అని ముందే తేల్చుకోవడంలో ఉంది. అలా తేల్చుకున్నాక ఆ సందర్భం ఎదురుపడగానే మనసు దాన్ని ఇట్టే పసిగడుతుంది, చెయ్యాల్సిన పని దానంతటదే మొదలవుతుంది, చేద్దామా వద్దా అని అప్పటికప్పుడు బేరాలాడే పని ఉండదు. 2006 నాటికే 94 పరిశోధనల ఫలితాలు కలిపి చూసి, ఇది బాగానే పనిచేస్తోందని తేల్చారు. కాకపోతే లక్ష్యం మనదై ఉండాలి, ఎవరో రాయమన్నారని రాసే పరీక్షకి అంత ఉపయోగం ఉండదు. రెండుసార్లు సొంత డబ్బు కట్టారు కాబట్టి మీకు ఆ అనుమానం లేదనుకుంటాను.

మీరు అడిగినదానికి జవాబు ఇంతే. అసలు విషయం అక్క.

ఉత్తరం రెండుసార్లు చదివాను, పరీక్ష సంగతి అక్కకి చెప్పానని ఎక్కడా రాయలేదు. చెప్పి ఉండరు. తను ఆ ఇంట్లో అలా నలిగిపోతుంటే నాకు ప్రమోషన్ వస్తోందని ఏ మొహం పెట్టుకుని చెప్పను అనుకుని ఉంటారు, అందుకే రోజూ గంటన్నర వినడాన్ని జరిమానాలా కడుతున్నారు. తల్లి లేని పిల్లని చదివించడం చిన్న విషయం కాదు, ఆ ఋణం ఉంచుకోకూడదు, అందులో నాది రెండో మాట లేదు. రేపు అక్క ఆ ఇంట్లోంచి బయటికి రావాల్సి వస్తే ముందు నిలబడాల్సింది మీరే, అప్పుడు ఆ పెరిగిన జీతమే అక్కరకొస్తుంది. మీరు ఇన్నాళ్ళూ విన్నందువల్ల అక్క కాపురం ఏమైనా కుదుటపడిందా? నన్నడిగితే, రాత్రి మీ దగ్గర బరువు దించుకోవడం వల్లే ఆవిడ పొద్దున్న అక్కడ ఎవర్నీ నిలదీయకుండా నెట్టుకొస్తోంది. నా మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి.

కాబట్టి ఈ ఆదివారం పగటిపూట మీరే ఫోన్ చేసి పరీక్ష సంగతి, తేదీతో సహా చెప్పండి. తర్వాత ఒక కాగితం మీద ఇలా రాసుకోండి: 'తొమ్మిదింటికి అక్క ఫోన్ మోగితే, ఎత్తి, అక్కా చదువుతున్నాను, రేపు సాయంత్రం ఆరింటికి నేనే చేస్తాను అని చెప్పి, ఫోన్ పక్క గదిలో పెట్టి వచ్చి, నిన్న ఆపిన పేజీ తీస్తాను.' అక్షరం పొల్లుపోకుండా ఇలాగే రాయండి, పైకి రెండుసార్లు చదువుకోండి కూడా. 'అక్క ఫోన్ ఎత్తను' అని మాత్రం రాయకండి, చెయ్యకూడదన్నదే మెదడులో తిరుగుతూ ఉంటుంది, చివరికి ఎత్తేస్తారు. ఒక్క షరతు చాలు, పది రాసుకుంటే ఏదీ నిలవదు. ఆరింటికి చేస్తానన్నాక చేసి తీరాలి, అందులో తప్పారంటే అక్క తొమ్మిదింటికి మళ్ళీ చేస్తుంది, చెయ్యడం న్యాయం కూడా.

అక్కకి మొదట్లో కోపం రావచ్చు. 'పెద్దదానివైపోయావు' అనవచ్చు. అననివ్వండి, వాదించకండి, ఆరింటికి ఫోన్ మాత్రం మానకండి. ఎప్పుడైనా నిజంగా కొట్టారనో, గెంటేశారనో ఫోన్ వస్తే ఆ రాత్రికి చదువు ఆపి, మీ ఆయన్ని వెంటబెట్టుకుని బయల్దేరండి.