రోటరీ ఇంజన్ సైలెన్సర్ అంటూ పట్టుబట్టిన కుర్రాడు, వాళ్ళమ్మగారికి నా జవాబు

విజయవాడ పటమట నుంచి ఒక తల్లిగారు రాశారు. అబ్బాయి గుంటూరు దగ్గర కాలేజీలో మెకానికల్ సెకండియర్, రోజూ బస్సులో వెళ్ళొస్తాడు, వాళ్ళాయనకి ఆటోనగర్‌లో సైలెన్సర్లు చేసే వెల్డింగ్ షాపు ఉంది. అమెరికాలో కొంతమంది ఇంటి షెడ్డులోనే సొంతంగా చిన్న విమానాలు కట్టుకుని వాటికి మాజ్డా కారులోని రోటరీ ఇంజన్ పెడుతున్నారట, దానికి నిలబడే సైలెన్సర్ చెయ్యడం చాలా కష్టమట, నేను ఆ డిజైనే చేస్తాను అని అబ్బాయి ఏడాదిగా ఒకటే పట్టు. "వాళ్ళ నాన్నగారు మేం మింగిన పొగ చాలు నువ్వు సాఫ్ట్‌వేర్‌కి పో అంటారు, వీడేమో అన్నం తింటూ కూడా ఫోన్‌లో ఆ ఇంజన్ మోతే వింటాడు, అసలు ఇలాంటి చదువు ఉందా సార్, తిండి పెడుతుందా" అని అడిగారు.

అమ్మా, సూటిగానే చెప్తాను. ఆ పేరుతో ఉద్యోగం కావాలి అని మన దగ్గర ఎవరూ ప్రకటన వెయ్యరు. మన దేశంలో సొంతంగా విమానం కట్టుకునేవాళ్ళే వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ గారని ఒక పైలట్ ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టి 2016లోనే జనానికి చూపించారు, దాన్ని ఎగరేసుకోడానికి విమానాలకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పర్మిట్ చేతికి వచ్చేసరికి 2019 అయింది. కాబట్టి అచ్చంగా ఆ ఒక్క పనినే నమ్ముకుని బతకమని నేను చెప్పను. కానీ మీవాడు పట్టుకున్న సమస్య మాత్రం చాలా గట్టిది, దాన్ని నిజంగా నేర్చుకున్నవాడికి పని దొరుకుతుంది, అది ఎందుకో మీకూ, ముఖ్యంగా మీవారికీ అర్థమయ్యేలా చెప్పాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మామూలు ఇంజన్‌లో పిస్టన్ పైకీ కిందకీ ఆడుతుంది, కాలిన గ్యాస్ బయటికి పోవడానికి వాల్వ్ మెల్లగా తెరుచుకుంటుంది. రోటరీలో పిస్టన్ లేదు వాల్వ్ లేదు, సమోసా ఆకారంలో ఉండే రోటర్ ఒకటి గదిలో తిరుగుతూ ఉంటుంది, దాని మూల కంత దాటగానే లోపలి ప్రెషర్ అంతా ఒక్క దెబ్బకి బయటపడుతుంది, అందుకే ఆ శబ్దం టపాకాయల్లా చెవిలో గుచ్చుకుంటుంది. పైగా ఆ గది సన్నగా పొడుగ్గా ఉండటంతో పెట్రోలు పూర్తిగా కాలకుండానే బయటికొచ్చి పైపులో కూడా మండుతుంది, గ్యాస్ వేడి 900 డిగ్రీలు దాటి ఒక్కోసారి 1000 దగ్గరికి పోతుంది. మీవారు వాడే 304 స్టీల్ ఆ వేడికి పొలుసులు పొలుసులుగా ఊడిపోతుంది. లోపల గ్లాస్ ఊల్ కూరితే కొన్ని గంటల్లో అది చిరిగి వెనక నుంచి ఎగిరిపోతుంది. అందుకే ఇలాంటి చోట ఇన్‌కొనెల్ అనే నికెల్ మిశ్రమ లోహం వాడతారు, అది ఖరీదు, వెల్డింగ్ కూడా ఆర్గాన్‌తో జాగ్రత్తగా పెట్టాలి. ఇంకోటి, మీటరు స్టీల్ పైపు 800 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 14 మిల్లీమీటర్లు సాగుతుంది, రెండు చివర్లా బిగించేస్తే వెల్డింగ్ దగ్గర చీలక ఏం చేస్తుంది చెప్పండి, అందుకని జారే జాయింట్ పెట్టాలి, జారితే గ్యాస్ లీకవ్వకూడదు. లారీకైతే మందం షీటు వేసి వదిలేస్తాం, విమానంలో ప్రతి కిలో లెక్కే, మిల్లీమీటరు మందం స్టీల్ చదరపు మీటరే 8 కిలోలు తూగుతుంది. పోనీ దారి బిగిస్తే శబ్దం తగ్గుతుంది కదా అంటే, గ్యాస్ వెనక్కి తన్ని ఇంజన్ పవర్ పోతుంది.

ఇప్పుడు లెక్క సంగతి, ఇది అబ్బాయికి చదివి వినిపించండి. మాజ్డా 13బి ఇంజన్‌లో రెండు రోటర్లు, షాఫ్ట్ ఒక్క చుట్టు తిరిగితే రెండు దెబ్బలు, నిమిషానికి 6000 చుట్లంటే సెకనుకి 200 దెబ్బలు, అంటే 200 హెర్ట్జ్. ఆ శబ్దాన్ని డబ్బాలాంటి చాంబర్‌తో ఆపాలంటే డబ్బా పొడవు ఆ శబ్దపు అల పొడవులో నాలుగో వంతు ఉండాలి, శబ్దం వేగాన్ని 200తో భాగిస్తే వచ్చేదే అల పొడవు. మామూలు గాలిలో శబ్దం సెకనుకి సుమారు 345 మీటర్లు పోతుంది కాబట్టి లెక్కకి 43 సెంటీమీటర్లు వస్తుంది, చాలామంది కుర్రాళ్ళు అక్కడే ఆగిపోతారు. కానీ 800 డిగ్రీల పైన ఉన్న గ్యాస్‌లో శబ్దం దాదాపు 650 మీటర్ల వేగంతో పోతుంది, డబ్బా 80 సెంటీమీటర్లు ఉండాలి! అంత పొడుగు డబ్బా చిన్న విమానం ముక్కు కింద ఎక్కడ పెడతాం? ఇంకా విచిత్రం ఏంటంటే, నాలుగో వంతుకి బాగా ఆపే అదే డబ్బా, అలలో సగం పొడవైన చోట అసలు ఆపదు, మధ్యలో డబ్బా లేనట్టే శబ్దం దాటిపోతుంది. అందుకే వేరే వేరే పొడవుల డబ్బాలు కలపడం, పైపుని డబ్బా లోపలికి కొంత చొప్పించడం లాంటివన్నీ వచ్చాయి. మీవారు ఇరవై ఏళ్ళుగా చేత్తో చేస్తున్న పనే ఇది, దాని వెనక ఉన్న లెక్క మీవాడు నేర్చుకోవాలనుకుంటున్నాడు. నాకైతే ఇది చూస్తే గర్వంగా ఉందమ్మా.

ఈ లెక్కల్లో ప్రపంచం మొత్తం పేరు చెప్పుకునే మనిషి మనకి పక్కనే బెంగళూరులో ఐఐఎస్‌సీలో పాఠాలు చెప్పారు, ప్రొఫెసర్ ఎం.ఎల్. ముంజాల్ గారు. మఫ్లర్ల మీద, అంటే సైలెన్సర్ల మీద, 1987లో ఆయన రాసిన పుస్తకం బయటి దేశాల ఇంజనీర్లు కూడా పక్కన పెట్టుకుని పనిచేస్తారు. రోటరీ ఇంజన్ కూడా మనకి పరాయిదేం కాదు, మన డీఆర్‌డీఓ నిశాంత్ అనే పైలట్ లేని విమానానికి 55 హార్స్‌పవర్ రోటరీ ఇంజన్‌ని అహ్మద్‌నగర్‌లోని వీఆర్‌డీఈ, బెంగళూరులోని ఎన్ఏఎల్, ఏడీఈ అనే మూడు ప్రభుత్వ పరిశోధన సంస్థలు కలిసి ఇక్కడే తయారుచేశాయి, 2009లో కోలార్ దగ్గర అది ఎగిరింది కూడా. తేలికగా ఉండి ఎక్కువ పవర్ ఇస్తుందని డ్రోన్లకి ఇలాంటి ఇంజన్ వాడతారు, శత్రువుకి వినపడకూడదంటే సైలెన్సర్ ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. నన్నడిగితే మీవాడి కలకి దగ్గర దారి సొంత విమానాల కంటే ఈ డ్రోన్ల వైపే ఉంది.

రోజువారీ ఉద్యోగం సంగతికొస్తే, కంపెనీల్లో దీన్ని ఎన్‌వీహెచ్ అంటారు, అంటే శబ్దం, వైబ్రేషన్, గరుకుదనం చూసే పని. కార్లు, బైకులు, ట్రాక్టర్లు చేసే ప్రతి పెద్ద కంపెనీలో ఆ విభాగం ఉంటుంది, పూణేలో వాహనాల్ని పరీక్షించే ఏఆర్ఏఐ అనే సంస్థ ఉంది, ఎగ్జాస్ట్ సిస్టమ్‌లు మాత్రమే చేసే కంపెనీలు చెన్నై, పూణే వైపు ఉన్నాయి. జనరేటర్లున్నాయి చూడండి, 1000 కేవీఏ వరకు డీజిల్ జనరేటర్ శబ్దం మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రభుత్వ రూలు, కాబట్టి వాటి డబ్బాలు, సైలెన్సర్లు డిజైన్ చేసేవాళ్ళు కావాలి. సాఫ్ట్‌వేర్‌లా క్యాంపస్‌కి వచ్చి వందమందిని ఒకేసారి తీసుకోరు, అది నిజం, మొదటి రెండు మూడేళ్ళు జీతం మీ బంధువుల పిల్లల కంటే తక్కువే ఉండొచ్చు, ముందే తెలిసి ఉండటం మంచిది.

ఏరోనాటికల్‌కి మారనా అని అబ్బాయి అడిగితే వద్దనండి. మెకానికల్‌లోనే ఉండి హీట్ ట్రాన్స్‌ఫర్, ఫ్లూయిడ్స్, వైబ్రేషన్స్ ఈ మూడూ మార్కుల కోసం కాకుండా గట్టిగా చదవమనండి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొంచెం నేర్చుకోవాలి, థర్డ్ ఇయర్ నుంచి ఎంటెక్ సీటు కోసం రాసే గేట్ పరీక్షకి చదవడం మొదలుపెట్టాలి, ఎంటెక్‌లో అకౌస్టిక్స్, అంటే శబ్దాల శాస్త్రం, చేసే ప్రొఫెసర్ ఉన్న చోటు చూసి చేరాలి, కాలేజీ పేరు తర్వాత సంగతి. గేట్ రాకపోతే పైన చెప్పిన కంపెనీల్లో ట్రైనీగా చేరి కూడా ఇందులోకి రావచ్చు.

ఒక్క విషయంలో మాత్రం మీరు కఠినంగా ఉండాలి. ఇప్పుడే తను చేసిన సైలెన్సర్ మనుషులు ఎక్కే దేనికీ, డబ్బులిస్తామన్నా సరే, విమానానికి అసలే ఇవ్వకూడదు. విమానంలో ఎగ్జాస్ట్ చిన్న పగులు ఇచ్చినా కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి వస్తుంది, దానికి వాసన ఉండదు, పైలట్‌కి తెలిసేలోపే మత్తు కమ్మేస్తుంది. షాపులో కూడా షట్టర్ దించి ఇంజన్ నడపొద్దని ఇద్దరికీ చెప్పండి.

ఈ దసరా సెలవుల్లో చెయ్యాల్సిన పని ఒకటి చెప్తాను, ఖర్చు దాదాపు లేదు. షాపులో పడున్న రేకుతో 2 అంగుళాల పైపుకి మధ్యలో 6 అంగుళాల వెడల్పు, 21 సెంటీమీటర్ల పొడవు డబ్బా ఒకటి వాళ్ళ నాన్నగారితో కలిసి చెయ్యమనండి. ఒక చివర చిన్న స్పీకర్ పెట్టి ఫోన్‌లో 100 హెర్ట్జ్ నుంచి 1000 దాకా టోన్ పెంచుతూ, రెండో చివర ఇంకో ఫోన్‌తో శబ్దం కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోవాలి, ఆ తర్వాత డబ్బా తీసేసి అంతే పొడవు ఉత్త పైపు పెట్టి మళ్ళీ మొదట్నుంచీ కొలవాలి. రెండిటికీ తేడా 400 దగ్గర లెక్క ప్రకారం 13 డెసిబెల్స్ దాకా రావాలి, 800 దగ్గర దాదాపు ఏమీ ఉండకూడదు. తన లెక్కకీ కొలతకీ ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకు వచ్చిందనుకుంటున్నాడో అది కూడా రాయమనండి. ఆ నోట్‌బుక్ తీసుకుని ఒక ఆదివారం మీ ముగ్గురూ నా దగ్గరికి రండి, మీవారిని తప్పకుండా తీసుకురండి, ఆ డబ్బాకి వెల్డింగ్ ఎక్కడ చీలుతుందో నేను ఆయన్నే అడగాలి.