ఎండాకాలంలో దుప్పట్లెందుకు?

ప్రశ్న: నూర్పిడి యంత్రం తగిలి మా తమ్ముడి తొడకు లోతైన గాయమై చాలా రక్తం పోయింది. ఆసుపత్రిలో నర్సులు బి.పి. బాగానే ఉందంటూనే, ఇంత ఎండల్లో దుప్పట్లు కప్పారు, దాహమని ఎంత బతిమాలినా నీళ్లివ్వలేదు, గంటగంటకూ మూత్రం కొలిచారు. ఇదంతా అవసరమేనా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: అవసరమేనండి. పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో మూడో వంతుకు దగ్గరగా పోయేదాకా కూడా రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగం పెరిగి, బి.పి.ని నిలబెట్టగలవు కనుక, అనుభవమున్న నర్సు ఆ అంకె కన్నా ముందు నాడి వేగాన్ని, చల్లబడి చెమట పట్టిన అరచేతిని, గోరు నొక్కి వదిలాక 2 సెకన్లలో ఎరుపు తిరిగి వస్తోందా లేదా అన్నదాన్ని చూస్తుంది. మొదట్లో హిమోగ్లోబిన్ సరిగా ఉందన్న రిపోర్టును కూడా నమ్ముకోకూడదు. మిగిలిన రక్తం పలచబడితే గాని అది తగ్గదు.

ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతింటుంది. అందుకే తడిసిన బట్టలు తీసేసి, ఎండాకాలమైనా దుప్పటి కప్పుతారు. నీళ్లివ్వకపోవడం ఆపరేషన్ అవసరం పడవచ్చన్న జాగ్రత్త. మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మూత్రం గంటకు కిలో బరువుకు 0.5 మి.లీ., అంటే 60 కిలోల మనిషికి 30 మి.లీ. అయినా వస్తుంటే మూత్రపిండాలకు రక్తం అందుతున్నట్టే.

గాయమైన 3 గంటలలోపు ఇస్తేనే మేలు చేసే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే, రక్తస్రావాన్ని తగ్గించే మందు ఉంది. బరంపురం పెద్దాసుపత్రికి పంపవలసి వస్తే దారిలోనే చాలా సమయం గడిచిపోతుంది కాబట్టి, దెబ్బ తగిలిన వేళను వెంట వెళ్లేవారు చీటీ మీద రాసి నర్సు చేతికివ్వాలి.