అహోబిలం భవనాశిని వాగు వెంట నడక: అరవై దాటిన నాన్నగారిని తీసుకెళ్లవచ్చా?

మీది విజయవాడ, నాన్నగారికి 62 ఏళ్లు. ఎగువ అహోబిలం నుంచి భవనాశిని వాగు వెంట జ్వాలా నరసింహస్వామి గుహ దాకా ఆయనను నడిపించవచ్చా, ఏ నెలలో వెళ్లాలి, దారి చూపే మనిషి కావాలా అని అడిగారు. మాది గుంటూరు. ఆ దారిన మూడుసార్లు బయలుదేరి రెండుసార్లే స్వామిని చూశాను. చూడకుండా తిరిగొచ్చిన రోజు గురించే ఎక్కువ చెబుతాను, మీకు పనికొచ్చేది అదే.

ముందుగా, తీసుకెళ్లవచ్చు. మా అమ్మ 64వ ఏట నడిచింది, అదీ మోకాళ్ల నొప్పులతో. పోవడానికి రెండున్నర గంటలు పట్టింది, రావడానికీ దాదాపు అంతే. చాలాచోట్ల మెట్లు, పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు ఉన్నాయి. అవి లేనిచోట వాగులోని రాళ్ల మీదుగానే నడవాలి. ఎత్తు ఎక్కడం కన్నా ఆ రాళ్లే అమ్మను ఎక్కువ అలసిపోయేలా చేశాయి.

మన కృష్ణా డెల్టా వాళ్లకు నీళ్లంటే కాలువ. బందరు కాలువైనా ఏలూరు కాలువైనా బ్యారేజీ దగ్గర తలుపులు ఎత్తితే పారుతుంది, దించితే తగ్గుతుంది. అందుకే పారే నీటిని చూస్తే మనకు భయం పుట్టదు. వాగుకు తలుపులు ఉండవు. నల్లమల కొండలు నిటారైన రాతి కొండలు. పైన వాన పడితే నీరు ఇంకేందుకు చోటు తక్కువ, మన నెత్తిన ఎండ కాస్తుండగానే కిందికి దూకుతుంది. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు కూడా మైలవరం కొండల్లో పుట్టిన వాగేనని మీకు నేను చెప్పనక్కరలేదు.

మేము వెనక్కి వచ్చింది అక్టోబరులో. కొంతదూరం నడిచాక వాగు మధ్యలో మంచమంత బండ ఒకటి కనిపిస్తే దాని మీద కూర్చొని పులిహోర పొట్లాలు విప్పాము. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. మాకు దారి చూపడానికి వచ్చిన పెద్దాయన మాత్రం తినకుండా నీళ్లకేసి చూస్తున్నారు. "బాబూ, పొట్లాలు కట్టేయండి" అన్నారు. ఎందుకని అడిగితే వేలితో చూపించారు. అప్పటిదాకా అడుగున గులకరాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉన్న నీటిలో సన్నటి ఎర్రచార, దాని వెంట ఎండు వెదురు ఆకులు, పుల్లలు. నాకు అందులో ప్రమాదమేమీ కనిపించలేదు. ఇంకో అరగంటలో చేరిపోతాం కదా అని వాదించాను కూడా. "చేరతారు బాబూ, తిరిగి వచ్చేదెట్లా?" అంటూ ఆయన సంచి భుజాన వేసుకున్నారు. ఏరుమద్ది చెట్టు వేళ్లు పట్టుకొని గట్టెక్కి నిలబడ్డాం. కాసేపటికి వాగు చప్పుడు మారింది. గలగల పోయి, లోపల రాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్న బరువైన మోత మొదలైంది. మేము కూర్చున్న బండ ఎక్కడుందో ఎంత వెతికినా కనిపించలేదు.

అందువల్ల దారి చూపే మనిషి కావాలా అన్న ప్రశ్నకు నా జవాబు: తప్పకుండా కావాలి. దారి తప్పుతారని కాదు. జనం నడిచే దారే, తెలిసిపోతుంది. నీటిని చదవడం వచ్చిన కన్ను ఒకటి మీతో ఉండాలని. ఎగువ అహోబిలంలో గుడి దగ్గరే అడగండి, స్థానికులు వస్తారు. చేతికర్రలు కూడా అక్కడే దొరుకుతాయి. నాన్నగారికే కాదు, మీరూ ఒకటి తీసుకోండి.

నెల విషయానికొస్తే, డిసెంబరు, జనవరి మంచివి. వానలు తగ్గిపోయి ఉంటాయి, వాగులో నీరు ఉన్నా చాలాచోట్ల చీలమండ దాటదు. అయినా వెళ్లే ముందు రెండు మూడు రోజుల్లో అక్కడ వాన పడిందేమో కనుక్కోండి. మోకాలు దాటి వడిగా పారుతుంటే ఎవరేం చెప్పినా దిగవద్దు. దాటాల్సి వస్తే నీరు వచ్చే వైపు ముఖం పెట్టి, కర్ర ముందు ఆనించి, పక్కకు ఒక్కో అడుగు వేయించండి. రాయి పొడిగా ఉంటే నమ్మవచ్చు. నల్లగా మెరుస్తుంటే అది పాచి, ఎంత పెద్ద బండైనా కాలు పెట్టనివ్వకండి. అమ్మ జారింది అలాంటి రాయి మీదే, ముంజేయి గీసుకుపోయింది. చెప్పులు వద్దు, అడుగున గరుకుగా ఉండే బూట్లు వేయించండి.

ప్రయాణానికి గుంటూరు–నంద్యాల రైలే బాగుంటుంది. గిద్దలూరు దాటాక కిటికీ దగ్గర కూర్చోబెట్టండి, నల్లమల మధ్యలోంచే వెళుతుంది. నంద్యాలలో దిగి ఆళ్లగడ్డ మీదుగా బస్సులో అహోబిలం. రాత్రి దిగువ అహోబిలంలో పడుకొని తెల్లవారగానే ఎగువకు వెళ్లండి. స్వాతి నక్షత్రం రోజున రద్దీ ఎక్కువ, మెట్ల మీద తోపులాట నాన్నగారికి మంచిది కాదు.

గుహ దగ్గరికి వచ్చేసరికి పైనున్న కొండ అంచు నుంచి నీరు ధారగా పడుతుంటుంది. దాని వెనకగానే దారి. అమ్మ అక్కడ కమ్మీ పట్టుకొని చాలాసేపు కదల్లేదు. తుంపర ముఖం మీద పడుతుంటే కళ్లు మూసుకుంది. పిలవబోయి ఊరుకున్నాను. నాన్నగారికి అక్కడ తొందర పెట్టకండి. ఇంకా పైన, స్వామి వెలువడిన స్తంభమని చెప్పుకునే ఉగ్రస్తంభం కొండ మాత్రం ఈసారికి వదిలేయండి, అది ఎక్కడం వేరు. తిరుగు దారిలో ఓపిక ఉంటేనే మాలోల నరసింహస్వామి దగ్గరికి వెళ్లండి. మధ్యాహ్నం రెండు దాటితే మాత్రం ఎక్కడున్నా వెనక్కి మళ్లండి. శీతాకాలంలో ఆ లోయలోకి ఎండ రావడం ఆలస్యం, పోవడం తొందర.